‘ఎప్పుడూనా?’ అని అడిగే తెలుగు



ఏటా ఈ సంచికలో మనం తెలుగు తియ్యదనం గురించి, పండగల గురించి, పద్యాల గురించి రాసుకుంటాం. రాసుకోవాల్సిందే. ఈసారి నేను మాత్రం కాస్త పొడిగా కనిపించే సంగతి ఎత్తుకుంటున్నాను. లెక్కల్లో సూత్రాలు ఉంటాయి కదా, వాటిలో ఏది బలమైనది, ఏది బలహీనమైనది? ఒక సూత్రం ఒప్పుకుంటే ఇంకే సూత్రం దానంతటదే వచ్చి తీరుతుంది? ఇదీ ప్రశ్న. తెలుగు బడి సంచికలో ఈ లెక్కల గోలేమిటని దయచేసి పేజీ తిప్పెయ్యకండి. ఈ ప్రశ్నని మన బడిలో, తెలుగులో, మన పిల్లల చేత అడిగించాలన్నదే నా వాదన.

ఎందుకో చెబుతాను. మన పిల్లల తెలుగుని ఒక్కసారి గమనించండి. “అన్నం తిన్నాను”, “బాగున్నాను తాతయ్యా”, “రేపు పరీక్ష ఉంది” – ఇంతవరకూ చక్కగా వస్తుంది. అక్కడ ఆగి “ఎందుకు?” అని ఒక్క ప్రశ్న వెయ్యండి. “ఎందుకంటే…” అని మొదలుపెట్టి రెండో మాటకల్లా ఇంగ్లీషులోకి దిగిపోతారు. కారణం చెప్పాలన్నా, కాదని వాదించాలన్నా, “అలా అయితే ఇలా కూడా కావాలి కదా” అనాలన్నా వాళ్ళ దగ్గర తెలుగు లేదు. తప్పు వాళ్ళది కాదు. ఇంట్లో మనం తెలుగులో వాళ్ళకి చెప్పేవి ఎక్కువగా ఆజ్ఞలు – తిను, పడుకో, హోంవర్కు చెయ్యి. కారణాలు వచ్చేసరికి మనమే ఇంగ్లీషు అందుకుంటాం. అల్ ఖోబర్‌లో మన పిల్లల్లో చాలామంది పన్నెండో తరగతి కాగానే ఇండియాకో అమెరికాకో కెనడాకో వెళ్ళిపోతారు. ఆ సూట్‌కేసులో వాళ్ళు పట్టుకెళ్ళే తెలుగులో ‘కాబట్టి’, ‘అయితే’, ‘అయినా’, ‘ఒక్కటైనా’, ‘ఎప్పుడూ’ అనే మాటలు లేకపోతే, అది ఫోన్లో కుశల ప్రశ్నలకి తప్ప పనికిరాదు.

ఈ అయిదు మాటలు తప్ప మరేమీ అక్కర్లేని ఆట ఒకటుంది. అదే సూత్రాల బలాబలాలు తేల్చడం.

సంధి కూడా ఒక లెక్కే

రెండింటిని తీసుకుని ఒకటి తిరిగి ఇచ్చే పనిని లెక్కల్లో బైనరీ ఆపరేషన్ అంటారు. మన వాడుకలో ‘పరిక్రియ’ అందాం. కూడిక ఒక పరిక్రియ: 2, 3 ఇస్తే 5 ఇస్తుంది. గుణకారం మరొకటి. బక్కాలాలో పాలు, ఖుబ్బూస్ ఏది ముందు కౌంటర్ మీద పెట్టినా బిల్లు మారదు. ఇలా చోట్లు మార్చినా జవాబు మారకపోతే, మా హైస్కూలు తెలుగు మీడియం పుస్తకంలో ‘స్థిత్యంతర ధర్మం’ అనేవారు. మూడింటిని కలిపేటప్పుడు మొదటి రెండూ ముందు కలిపినా, చివరి రెండూ ముందు కలిపినా ఒకటే అయితే అది ‘సహచర ధర్మం’.

మన తెలుగు తరగతిలో చెప్పే సంధి కూడా పరిక్రియే కదా! రెండు అచ్చులు ఇస్తాం, వాటి స్థానంలో ఒకటి వస్తుంది. దేవ, ఇంద్రుడు కలిస్తే దేవేంద్రుడు. అంటే ‘అ’ తరవాత ‘ఇ’ వస్తే ‘ఏ’. మరి చోట్లు మార్చి ‘ఇ’ తరవాత ‘అ’ వస్తే? అతి, అంతము కలిసి అత్యంతము అయింది. ‘ఏ’ రాలేదు, ‘య’ వచ్చింది. కాబట్టి సంధికి స్థిత్యంతర ధర్మం లేదు. తమాషా ఏమిటంటే, ‘స్థిత్యంతరం’ అన్న మాటే స్థితి, అంతరం కలిసి యణాదేశ సంధితో పుట్టింది. చోట్లు మారిస్తే చెల్లని సంధి ఒకటి, చోట్లు మారినా చెల్లే ధర్మానికి పేరు పెట్టింది!

ఒకదాన్ని దానితోనే కలిపితే అదే రావాలన్నది ఇంకో సూత్రం. సంధి దీన్నీ ఒప్పుకోదు. మొదట, మొదట కలిస్తే ‘మొదట’ కాదు, ‘మొట్టమొదట’. పగలు, పగలు కలిస్తే పట్టపగలు. ఆమ్రేడిత సంధి ఉన్నదే ఆ సూత్రాన్ని కాదనడానికి అన్నట్టుంటుంది.

ఇక్కడ మన వ్యాకరణ పండితులు పెట్టిన ఒక పేరు నాకు చాలా ఇష్టం. సంధి తప్పకుండా జరిగి తీరితే దాన్ని ‘నిత్యం’ అన్నారు. జరిగినా జరగకపోయినా ఫరవాలేకపోతే ‘వైకల్పికం’ అన్నారు. ఉత్వ సంధి నిత్యం, ఇత్వ సంధి వైకల్పికం అని మన పిల్లలు వల్లె వేస్తూనే ఉంటారు. లెక్కల్లో సర్వసమీకరణం అన్నా అంతే: అక్షరాల చోట ఏ విలువ పెట్టినా నిజమయ్యేది, అంటే నిత్యం. నిత్యం అన్నదాన్ని పడగొట్టడానికి వంద ఉదాహరణలు అక్కర్లేదు, ఒక్కటి చాలు. దాని పేరు ప్రత్యుదాహరణ. (ఇదీ యణాదేశ సంధే, చూశారా!)

బలం అంటే ఏమిటి?

సవర్ణదీర్ఘ సంధిని ‘అ’, ‘ఆ’ అనే రెండు అచ్చులకే పరిమితం చేసి ఒక పట్టిక గీద్దాం. రామ, అనుజుడు – రామానుజుడు. దేవ, ఆలయం – దేవాలయం. విద్యా, అర్థి – విద్యార్థి. విద్యా, ఆలయం – విద్యాలయం. నాలుగు గడుల్లోనూ ‘ఆ’ యే. ఎవరిని ఎవరితో కలిపినా జవాబు ఒక్కటే! దీన్ని ‘స్థిర సూత్రం’ అందాం.

ఇప్పుడు పిల్లల్ని అడగండి: స్థిర సూత్రం ఉన్నచోట స్థిత్యంతర ధర్మం ఉంటుందా? ఉండి తీరాలి. ఎందుకంటే జవాబు ఎప్పుడూ ఒక్కటే కాబట్టి చోట్లు మార్చినా అదే వస్తుంది. సహచర ధర్మం? అదీ అంతే. మరి స్థిత్యంతర ధర్మం ఉంటే స్థిర సూత్రం ఉంటుందా? ఉండదు. కూడికనే చూడండి, చోట్లు మార్చినా ఫరవాలేదు గాని, జవాబు అన్నిసార్లూ ఒకటి కాదు. ఒక సూత్రాన్ని ఒప్పుకున్న ప్రతి పరిక్రియా మరో సూత్రాన్ని కూడా ఒప్పుకుని తీరితే మొదటిది రెండోదానికన్నా బలమైనది, లేదా కనీసం సమానం. బలం అంటే ఇంతే. స్థిర సూత్రం బలమైనది. కానీ బలమైన సూత్రం ఎప్పుడూ మంచి సూత్రమని కాదు. అన్నిటికీ ఒకే జవాబు చెప్పే పరిక్రియతో బక్కాలా బిల్లు వెయ్యలేం! సూత్రం ఎంత బలంగా ఉంటే దానికి లొంగే పరిక్రియలు అంత తక్కువ.

మరి స్థిత్యంతరం, సహచరం – ఈ రెండింటిలో ఏది బలమైనది? చాలామంది పెద్దలు కూడా ఇవి రెండూ కవలపిల్లలు అనుకుంటారు, కూడికలోనూ గుణకారంలోనూ కలిసే కనిపిస్తాయి గనక. నిజానికి ఒకదానికొకటి చుట్టం కూడా కాదు. పిల్లలు ఆడే రాయి–కాగితం–కత్తెర చూడండి. ఇద్దరిలో గెలిచినదే జవాబు అనుకుందాం. రాయి–కాగితం అన్నా కాగితం–రాయి అన్నా గెలిచేది కాగితమే. చోటు మార్చవచ్చు. కానీ ముందు రాయి–కాగితం ఆడించి, గెలిచిన కాగితాన్ని కత్తెర మీదికి పంపితే కత్తెర గెలుస్తుంది. అలా కాక ముందు కాగితం–కత్తెర ఆడించి, గెలిచిన కత్తెరని రాయి మీదికి పంపితే రాయి గెలుస్తుంది. స్థిత్యంతరం ఉంది, సహచరం లేదు.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ మన బిల్లుల్లోనే ఉంది. 2020 జులై నుంచి ఇక్కడ వ్యాట్ 15 శాతం. 100 రియాళ్ళ వస్తువుకి 10 రియాళ్ళ కూపన్ ముందు తీసేసి వ్యాట్ వేస్తే 103.50. వ్యాట్ ముందు వేసి కూపన్ తరవాత తీస్తే 105. ‘ఒక పని తరవాత ఇంకో పని చెయ్యడం’ అన్న పరిక్రియకి సహచర ధర్మం ఎప్పుడూ ఉంటుంది, స్థిత్యంతరం మాత్రం ఉండాలని లేదు. (కూపన్ బదులు 10 శాతం తగ్గింపు అయితే ఎటునుంచి చేసినా 103.50 వస్తుంది. ఎందుకో మీ పిల్లల్ని అడగండి, తెలుగులో!)

ఇంకా నమ్మకం కుదరకపోతే మొత్తం పట్టికలన్నీ గీసి చూసుకోవచ్చు. రెండే రెండు వస్తువులున్న లోకంలో, 0, 1 అనుకుందాం, పట్టికకి నాలుగు గడులు. ఒక్కో గడిలో రెండు అవకాశాలు. కాబట్టి మొత్తం 16 పరిక్రియలు. వాటిలో స్థిత్యంతర ధర్మం ఉన్నవి 8, సహచర ధర్మం ఉన్నవి 8, రెండూ ఉన్నవి 6. అంటే స్థిత్యంతరం ఉండీ సహచరం లేనివి రెండు, సహచరం ఉండీ స్థిత్యంతరం లేనివి రెండు. ఆ మొదటి రెండింట్లో ఒకటి ఎలక్ట్రానిక్స్ చదివిన ప్రతివాడికీ పాత మిత్రుడే – నాండ్ గేటు! రెండూ 1 అయితేనే 0, లేకపోతే 1. మిగతా గేట్లన్నీ దీనితోనే కట్టుకోవచ్చు గాని, మూడింటిని జత చేసేటప్పుడు బ్రాకెట్లు మాత్రం జాగ్రత్తగా పెట్టాలి.

రెండు వాక్యాల్లో ఒక నిరూపణ

‘కాదు’ అనడానికి ఒక్క ప్రత్యుదాహరణ చాలు. ‘అవును’ అనాలంటే కారణం చెప్పాలి. అమెరికా, కెనడా కాలేజీ విద్యార్థులకి పెట్టే పట్నం గణిత పోటీలో 2001లో మొదటి ప్రశ్న ఇదే బాపతు. ఒక పరిక్రియని ∗ అందాం. క, చ ఏవైనా సరే, (క ∗ చ) ∗ క = చ అన్నది నిత్యం అని ఇచ్చారు. అప్పుడు క ∗ (చ ∗ క) = చ అన్నదీ నిత్యమే అని చూపించాలి. 

చూడ్డానికి భయం వేస్తుంది గాని, చెయ్యాల్సింది ఒక్కటే. సూత్రంలో ‘క’ అన్నది ఖాళీ కుర్చీ, ఎవరైనా కూర్చోవచ్చు. అందులో ‘చ ∗ క’ ని కూర్చోబెడదాం. అప్పుడు సూత్రం ((చ ∗ క) ∗ చ) ∗ (చ ∗ క) = చ అవుతుంది. ఇందులో మొదటి ముక్క (చ ∗ క) ∗ చ ఉంది కదా, అది మళ్ళీ మన సూత్రమే, పేర్లు తారుమారయ్యాయంతే. కాబట్టి దాని విలువ ‘క’. అది పెట్టేస్తే క ∗ (చ ∗ క) = చ. అయిపోయింది! ఇదే దారిలో వెనక్కి నడిస్తే రెండోదాన్నుంచి మొదటిదీ వస్తుంది. అంటే రెండు సూత్రాలూ సమబలులు. ఇలాంటి పరిక్రియలు నిజంగా ఉన్నాయా అంటే, రెండు సంఖ్యలు కూడి గుర్తు మార్చండి. 2, 3 ఇస్తే −5. ఆ −5 ని 2 తో మళ్ళీ అలాగే కలపండి, 3 తిరిగొస్తుంది.

ఈ నిరూపణలో వాడిన తెలుగుని చూడండి: ‘ఏవైనా సరే’, ‘కాబట్టి’, ‘అప్పుడు’, ‘అంటే’. మన పిల్లల దగ్గర లేని తెలుగు సరిగ్గా ఇదే.

వాల్తేరు కథ

ఇదంతా ఎక్కడో పరాయి దేశపు సంగతి అనుకునేవారికి మన ఊరి కథ ఒకటి చెప్పాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, వాల్తేరులో, యు.ఎం. స్వామి, జి.సి. రావు అనే ఇద్దరు గణిత ఆచార్యులు సరిగ్గా సూత్రాల బలాబలాల మీదే పనిచేశారు. 1981లో ఆస్ట్రేలియా గణిత సంఘం పత్రికలో వాళ్ళ వ్యాసం వచ్చింది. అందులో వాళ్ళు కొత్తగా ప్రవేశపెట్టిన నిర్మాణం పేరు ‘ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్’. దాదాపుగా విభాగ న్యాయం పాటించే జాలకం అని చెప్పుకోవచ్చు.

విషయం ఇదీ. గ.సా.భా., క.సా.గు. మనందరికీ తెలిసినవే. ఈ రెండు పరిక్రియలూ ఒకదాని మీద ఒకటి విభాగ న్యాయం పాటిస్తాయి. కూడిక, గుణకారాల్లో అయితే గుణకారం కూడిక మీదికి పంచుకుంటుంది గాని, కూడిక గుణకారం మీదికి పంచుకోదు. గ.సా.భా., క.సా.గు. లాంటి జంటకి బోలెడన్ని సూత్రాలు వర్తిస్తాయి. స్వామి, రావు గార్లు ఆ సూత్రాల్లో కొన్నిటిని తీసేసి, మిగతావాటితో ఎంతదూరం నడవొచ్చో చూశారు. వాళ్ళు వదిలేసినవి ముఖ్యంగా మూడు: మొదటి పరిక్రియకి స్థిత్యంతరం, రెండోదానికి స్థిత్యంతరం, ఒక పక్క విభాగ న్యాయం. ఆ మూడూ లేకపోయినా చాలావరకు సిద్ధాంతం నిలబడింది. ఇంకా అందమైన సంగతి: ఆ మూడిట్లో ఏ ఒక్కదాన్ని తిరిగి చేర్చినా మిగతా రెండూ వాటంతటవే వచ్చేస్తాయి! బయట ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించే సూత్రాలు ఆ ఇంట్లో సమబలులు. బలం సూత్రం ఒక్కదానిదీ కాదన్నమాట, దాని చుట్టూ ఉన్న సూత్రాలది కూడా.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇందులో ఒక సరదా ఉంది. వాళ్ళు ఇచ్చిన ఒక సులువైన ఉదాహరణలో మొదటి పరిక్రియ ఇలా ఉంటుంది: మొదటిది సున్నా కాకపోతే మొదటిదే జవాబు, సున్నా అయితే రెండోది. రెండో పరిక్రియ: మొదటిది సున్నా అయితే సున్నా, కాకపోతే రెండోది. 1991లో వచ్చిన పైథాన్‌లో, 1995లో వచ్చిన జావాస్క్రిప్ట్‌లో సంఖ్యల మీద ‘ఆర్’, ‘అండ్’ చేసే పని అచ్చంగా ఇదే! పైథాన్‌లో ‘3 ఆర్ 5’ అంటే 3, ‘5 ఆర్ 3’ అంటే 5. స్థిత్యంతరం లేదు. ఆ భాషలు దీన్నుంచి పుట్టాయని నేననడం లేదు. కానీ మనలో చాలామంది ఆఫీసులో రోజూ రాసే వాక్యం ఏ సూత్రాలకి లొంగుతుందో, ఏ సూత్రానికి లొంగదో వాల్తేరులో కూర్చుని ఎప్పుడో తేల్చేశారు. ఈ నిర్మాణం మీద ఇథియోపియాలో కూడా పరిశోధకులు వ్యాసాలు రాశారు. మన పిల్లలకి ఆర్యభట్టు పేరు చెబుతాం, రామానుజన్ పేరు చెబుతాం, మంచిదే. స్వామి, రావు గార్ల పేర్లు కూడా చెప్పాలి.

రెండు కోట్ల ప్రశ్నలు

ఈ బలాబలాల ప్రశ్న ఇటీవల చాలా పెద్దయెత్తున తేలింది. 2006లో ఫీల్డ్స్ పతకం పొందిన టెరెన్స్ టావో 2024 సెప్టెంబరులో ఒక సామూహిక ప్రయత్నం మొదలుపెట్టారు. ఒకే పరిక్రియ, దాని గుర్తు మొత్తం నాలుగుసార్లకి మించని సూత్రాలు తీసుకున్నారు. అవి 4694. వాటిలో ప్రతి ఒక్కటీ మిగతా ప్రతిదానికన్నా బలమైనదా కాదా అని అడిగితే ప్రశ్నలు 2,20,28,942 – రెండు కోట్ల పైమాటే! లోకం నలుమూలల నుంచి ఆచార్యులు, ప్రోగ్రామర్లు, ఔత్సాహికులు చెయ్యి వేశారు. ‘అవును’ అన్నా ‘కాదు’ అన్నా నమ్మకం మీద ఒప్పుకోలేదు. ప్రతి జవాబునీ ‘లీన్’ అనే ప్రోగ్రాము చేత మెట్టుమెట్టుగా తనిఖీ చేయించారు. 2025 ఏప్రిల్ నాటికి అన్నీ తేలిపోయాయి. సుమారు 37 శాతం ‘అవును’, మిగతావన్నీ ‘కాదు’. ఆ ‘కాదు’లలో అత్యధికం మనం పైన గీసినట్టు చిన్న చిన్న పట్టికలతోనే తేలాయి. మొండికేసిన కొద్దివాటికి మాత్రం మహామహులు నెలల తరబడి తలపట్టుకున్నారు.

నాకు ఇందులో ముచ్చటగా తోచింది ఆ ‘కాదు’ల లెక్క. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని నేర్పుతాం. మర్యాద కోసం మంచిదే. కానీ “ఎప్పుడూ అంతేనా నాన్నా? ఇదిగో, ఇక్కడ అలా కాలేదు” అని ఒక పిల్ల వినయంగా చెప్పగలగడం ఎదిరించడం కాదు, ఆలోచించడం. ప్రత్యుదాహరణ ఇవ్వడంలో అమర్యాద లేదు, గొంతు పెంచాల్సిన పని అంతకన్నా లేదు. అది తెలుగులో చెప్పడం రాని పిల్ల ఇంగ్లీషులో చెబుతుంది. అది మనకి పొగరుగా వినిపిస్తుంది. ఇంట్లో సగం తగువులు అక్కడే మొదలవుతాయి!

కొన్ని అభ్యంతరాలు

ఈ మాట తోటి తల్లిదండ్రుల దగ్గర ఎత్తితే మూడు అభ్యంతరాలు వచ్చాయి.

మొదటిది: “లెక్కలు సీబీఎస్ఈ బడిలో ఎలాగూ చెబుతారు, వారానికి రెండు గంటల తెలుగు బడిలో మళ్ళీ ఎందుకు?” నేను లెక్కల సిలబస్ చెప్పమనడం లేదు. సంధి చెప్పే రోజున ఒక్క పావుగంట – ఇది ఎప్పుడూ జరుగుతుందా, చోట్లు మారిస్తే ఏమవుతుంది, దేని నుంచి ఏది వస్తుంది – అని అడగమంటున్నాను. సంధి కూడా బాగా వస్తుంది. బట్టీ పట్టిన సూత్రం పరీక్ష దాకా ఉంటుంది, పడగొట్టడానికి ప్రయత్నించి ఓడిపోయిన సూత్రం జన్మలో మరచిపోరు.

రెండోది: “ఈ సంస్కృత పదాలు పిల్లలకి నోరు తిరగవు.” నిజమే, ‘స్థిత్యంతర ధర్మం’ ఒక్కసారికి నోరు తిరగదు. కానీ ‘కమ్యుటేటివ్’ మాత్రం తిరిగిందా? దాని అర్థం ఆ మాటలో మన పిల్లలకి కనపడదు. స్థితి అంటే చోటు, అంతరం అంటే మార్పు అని ఒక్కసారి విడదీసి చెబితే అర్థం పేరులోనే ఉంది. అంతకీ బరువనిపిస్తే ‘చోటుమార్పు’ అనండి, ఎవరూ కేసు పెట్టరు.

మూడోది కాస్త గట్టిది: “లెక్కలకి గుర్తులు కావాలి, తెలుగు వాక్యాల్లో లెక్కలు సాగుతాయా?” దీనికి జవాబు ఈ ప్రాంతపు భాషే ఇచ్చింది. ఆల్జీబ్రా అన్న మాట అరబ్బీ ‘అల్ జబ్ర్’ నుంచి వచ్చింది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోని మాట అది. ఆ పుస్తకంలో మనం నేడు రాసే గుర్తులు లేవు, సమీకరణాలన్నీ మామూలు అరబ్బీ వాక్యాల్లోనే చెప్పాడు. వాక్యాల్లోనే కారణాలు చూపాడు. అరబ్బీలో సాగినది తెలుగులో సాగదా?

నా విన్నపం

మన బడి నిర్వాహకులకీ, తోటి వాలంటీర్లకీ నేను అడిగేది పెద్దదేమీ కాదు. నెలకి ఒక తరగతిలో పావుగంట ‘ఎప్పుడూనా?’ ఆట పెడదాం. బోర్డు మీద ఒక వాక్యం రాయాలి – సంధి గురించి గాని, సంఖ్యల గురించి గాని, ఆఖరికి క్రికెట్ గురించి గాని. పిల్లలు రెండు జట్లు. ఒక జట్టు కారణం చెప్పాలి, రెండో జట్టు ప్రత్యుదాహరణ వెతకాలి. నియమం ఒక్కటే, ‘ఎందుకంటే’ తరవాత కూడా తెలుగే. మాటలు తడుముకుంటారు, తడుముకోనిద్దాం. మనం వెంటనే ఇంగ్లీషు మాట అందించకుండా నోరు కట్టుకోవడమే ఇందులో కష్టమైన భాగం, అది పెద్దలకి సంబంధించిన హోంవర్కు.

వార్షికోత్సవంలో పద్యాలు, పాటలు, నాటికలు అలాగే ఉండనివ్వండి. వాటి పక్కన ఇద్దరు పిల్లలు వేదిక మీద నిలబడి ఒక సూత్రం నిత్యమో కాదో తెలుగులో వాదించుకునే అయిదు నిమిషాలు కూడా చేర్చండి. చప్పట్లు కాస్త తక్కువ రావచ్చు. ఆ అయిదు నిమిషాల తెలుగు మాత్రం వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ఉద్యోగంలోనూ, సంసారంలోనూ పనికొస్తుంది.

చివరగా, పిల్లలూ, ఈ రెండూ మీకు.

ఒకటి: 0, 1 మీద ఆ 16 పట్టికలూ గీసి, స్థిత్యంతరం లేకుండా సహచరం మాత్రమే ఉన్న రెండింటినీ పట్టుకోండి. 

రెండు, ఇది పెద్ద తరగతుల వాళ్ళకి: క ∗ చ = (చ ∗ చ) ∗ క అన్నది నిత్యం అనుకోండి. అప్పుడు క ∗ చ = చ ∗ క కూడా నిత్యం అని చూపించండి. గ.సా.భా. ఈ సూత్రాన్ని ఒప్పుకుంటుంది, కూడిక ఒప్పుకోదు. కాబట్టి ఇది స్థిత్యంతరానికన్నా బలమైనది, స్థిర సూత్రానికన్నా బలహీనమైనది – సరిగ్గా నడిమధ్య నిలబడ్డ సూత్రం. ఒక చిన్న సాయం: చ ∗ చ ని ‘స’ అనుకుని, ముందు స ∗ స = స అని రాబట్టండి. మిగతాది అక్కణ్ణుంచి నాలుగడుగులు.

జవాబులు తెచ్చి నాకు చూపించండి. ఇంగ్లీషులో చెబితే మాత్రం సగం మార్కులే!